గోలీ బరువుతో నడిచే యంత్రం

నిటారు పలక మీద మేకుల మధ్యనుంచి గోలీలు రాల్చి, గూళ్ళలో పడేలా ఆడే జపాన్ ఆట పచింకో. దాని గోలీ వ్యాసం 11 మిల్లీమీటర్లు, బరువు సుమారు ఐదున్నర గ్రాములు. 1960ల్లోనూ 70ల తొలి సగంలోనూ జపాన్‌లో తయారైన పచింకో యంత్రాల్లో ఆ బరువు చెయ్యని పని లేదు. బొటనవేలితో మీట నొక్కి గోలీని పైకి కొట్టేవరకే మనిషి ప్రమేయం. ఆ పైన గోలీ గూట్లో పడిందో లేదో కనిపెట్టేదీ, పడితే బదులుగా పదిహేను గోలీలు కొలిచి ఇప్పించేదీ, ప్లాస్టిక్ పూరేకుల్ని విప్పేదీ, ముడిచేదీ అన్నీ కిందికి జారుతున్న ఆ గోలీయే. కరెంటు ఉన్నది ఒకటి రెండు చిట్టి బల్బుల కోసం. తీగ పీకేసినా ఆట ఆగదు.

పాత పచింకో యంత్రాన్ని కొని బాగుచేద్దామనుకునేవాళ్ళు మొట్టమొదట మనసుకు ఎక్కించుకోవలసింది ఇదేనని నా నమ్మకం. ఐదున్నర గ్రాములంటే చాలా తక్కువ. దారిలో ఎక్కడ దుమ్ము పేరుకున్నా, తుప్పు పొర కట్టినా, మీట ఇరుసు కాస్త బిగిసినా ఆ కొంచెం బరువూ అక్కడే ఖర్చైపోతుంది. దీన్ని చేసినవాళ్ళు ఆ బరువును ఎంతో పొదుపుగా వాడుకున్నారు. బాగుచేసేవాళ్ళ పని ఆ పొదుపును మళ్ళీ నిలబెట్టడం. కొత్తగా చేర్చవలసింది దాదాపు ఏమీ ఉండదు, అడ్డు తీయవలసిందే ఎక్కువ.

మన ఇళ్ళల్లో ఒకప్పుడు పిల్లలు ఆడుకున్న బాగాటెల్ బల్ల చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాలుగా ఉన్న చెక్క, దాని మీద మేకులు, ఒక పక్క స్ప్రింగు కర్ర. ఆ కుటుంబానికే చెందిన ఆట 'కొరింత్ గేమ్' పేరుతో 1920ల్లో జపాన్‌లో పాకింది. అక్కడ బల్ల నిటారుగా లేచి నిలబడింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆటను నిషేధించారు. యుద్ధం అయ్యాక నగోయా నగరంలో మసమురా తకేఇచి అనే పచింకో హాలు యజమాని దీని రూపురేఖలే మార్చేశాడు. అంతవరకూ మేకుల్ని పలక నిండా ఇంచుమించు ఒకే ఎడంతో కొట్టేవారు. ఆయన కొన్నిచోట్ల మేకులు తీసేసి మైదానంలా ఖాళీ వదిలాడు, కొన్నిచోట్ల వాటిని వరస కట్టించాడు, నడుమ చిన్న గాలిమరలు నిలబెట్టాడు. గోలీ ఇప్పుడు ఒకచోట తూలుతుంది, ఒకచోట పరుగెడుతుంది, ఒకచోట ఎటు పోదామా అని ఆగుతుంది. చూసేవాడి ఊపిరి దాంతోపాటు ఆగుతుంది. 'మసమురా గేజి' అని పేరుపడ్డ ఈ అమరికకు ఆయన పేటెంటు తీసుకోలేదు. అందరూ వాడుకున్నారు. ఈనాటి పచింకో పలకలూ దాని సంతానమే.

తర్వాతి చరిత్రను తొందరగా చెప్పేయవచ్చు. 1950ల మొదట్లో గోలీల్ని ఎడతెరిపి లేకుండా కొట్టే యంత్రాలు వచ్చాయి. ఆ జూదపు వేగం చూసి టోక్యో ప్రజాభద్రతా కమిషన్ 1954లో వాటి మీద నిషేధం ప్రకటించింది. హాళ్ళు పెద్ద ఎత్తున మూతపడ్డాయి. వేగం పోయాక ఆసక్తి నిలపడానికి తయారీదారులు చేతిపనిని ఆశ్రయించారు. 1960లో ట్యులిప్ పువ్వు ఆకారంలో విప్పారే గూడు వచ్చింది. 1970ల్లో బొటనవేలి మీట స్థానంలో కరెంటు పిడి, 1980లో సాంక్యో కంపెనీ 'ఫీవర్' యంత్రం వచ్చాయి. దాంతో ఎలక్ట్రానిక్ యుగం మొదలైంది. నేను మాట్లాడుతున్నది ట్యులిప్‌కూ కరెంటు పిడికీ మధ్య కాలం యంత్రాల గురించి.

ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. పచింకో జపాన్‌లో చాలా సంసారాలను అప్పుల్లో ముంచింది. మిన్ జిన్ లీ నవల 'పచింకో' (2017) చదివినవాళ్ళకు, వివక్ష వల్ల వేరే దారులు మూసుకుపోయిన కొరియన్ కుటుంబాలకు ఈ హాళ్ళే బతుకుతెరువు కావడమూ తెలుసు. ఆ చరిత్రను పక్కకు నెట్టి యంత్రాన్ని పొగడటం నాకు ఇష్టం లేదు. హాలు నుంచి బయటపడి ఒక ఇంటికి చేరిన పాత యంత్రంలో మాత్రం పందెం లేదు. మిగిలింది పనితనం. దాన్ని దగ్గరగా చూడటం న్యాయమే.

ముందువైపు గాజు తెరిచి చూడండి. ప్లైవుడ్ పలక మీద రంగులు అచ్చువేసిన సెల్యులాయిడ్ పొర అతికించి ఉంటుంది. దానిలోంచి వందల ఇత్తడి మేకులు బయటికి వచ్చి ఉంటాయి. ప్రతి మేకూ కొద్దిగా పైకి చూస్తున్నట్టు వాలి ఉంటుంది. అందువల్ల మేకు మీద పడ్డ గోలీ గాజు వైపు కాక పలక వైపు ఒరుగుతుంది. పక్కనుంచి, కన్ను పలకకు ఆనించి చూస్తే ఆ వాలు తెలుస్తుంది. వందల మేకుల్లో అదే వాలు పట్టడం ఎంత కష్టమో ఒక చెక్క మీద పది మేకులు కొట్టి చూసినవాళ్ళకు అర్థమవుతుంది.

జపాన్ వాళ్ళు మేకుల గుంపులకు పేర్లు పెట్టుకున్నారు. పైన గోలీ మొదట తగిలేవి ఆకాశపు మేకులు. గూటి నోటికి ఇటూ అటూ కాపలా ఉన్న జంట, ప్రాణపు మేకులు. ఆ జంట మధ్య ఎడం గోలీ వ్యాసం కంటే రవ్వంత ఎక్కువ. ఆ రవ్వంతలోనే హాలు లాభనష్టాలన్నీ ఉండేవి. హాలు మూసేశాక 'కుగిషి' అనే మేకుల పనివాడు చిన్న సుత్తి పట్టుకుని యంత్రం తర్వాత యంత్రం సరిచూసేవాడు. ఒక పుల్ల చివర, గోలీ కన్నా కాస్త పెద్దవైన, కొలత తెలిసిన గుండ్లు బిగించి ఉండేవి. అవి మేకుల మధ్య దూరుతాయో లేదో చూసి, టక్కున ఒక్క దెబ్బ వేసేవాడు. మిల్లీమీటరులో అతి చిన్న భాగం అటో ఇటో జరిగేది. విమ్ వెండర్స్ 1985 నాటి డాక్యుమెంటరీ 'టోక్యో-గా'లో ఈ పనివాణ్ణి చిత్రించాడు. ఆ చెయ్యి ఎంత నిశ్చయంగా కదులుతుందో అందులో చూడవలసిందే.

మేకుల నుంచి తప్పించుకున్న గోలీ గాలిమర మీద పడుతుంది. అర అంగుళం, ముప్పావు అంగుళం ఉండే ఆ చక్రం తగిలిన వేగాన్ని మింగి గోలీని ఒక పక్కకు దొర్లిస్తుంది. ఏ పక్కకన్నది గోలీ తగిలిన చోటుని బట్టి, అంతకు ముందు గోలీ చక్రాన్ని ఎటు తిప్పి వదిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. అంటే ఒక గోలీ వెళ్ళిపోయాక కూడా దాని ప్రభావం కాసేపు పలక మీద తిరుగుతూనే ఉంటుంది.

ట్యులిప్ ఇంకా తెలివైనది. మూసుకుని ఉన్నప్పుడు నడినెత్తిన పడ్డ గోలీ మాత్రమే లోపలికి పోతుంది. పోతూపోతూ పలక వెనకున్న చిన్న మీటను నొక్కుతుంది, రేకులు రెండూ చెరో పక్కకి విచ్చుకుంటాయి. ఇప్పుడు పక్కనుంచి వచ్చే గోలీలకూ అది దోసిలి పడుతుంది. ఆ దోసిట్లో పడ్డ తర్వాతి గోలీ అదే మీటను మళ్ళీ నొక్కి రేకుల్ని ముడిచేస్తుంది. స్విచ్చి లేదు, మోటారు లేదు. కొన్ని యంత్రాల్లో ఒక గూట్లో పడితే ఇంకెక్కడో పువ్వు విప్పారుతుంది. రెంటినీ కలిపేది వెనక సన్నని కమ్మీ. ఆ కమ్మీ వంపులు చూస్తే, గీసుకున్న బొమ్మ కంటే చేత్తో పట్టుకుని సరిచేసుకున్న అనుభవమే వాటికి ఆ రూపం ఇచ్చిందనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వెనకవైపు. నెత్తిన గోలీల తొట్టి. 1950ల హాళ్ళలో రెండు వరసల యంత్రాల మధ్య ఇరుకు సందుల్లో ఆడపిల్లలు నిలబడి ఈ తొట్లు నింపేవారు. తర్వాత ఆ పనీ యంత్రాలకు వెళ్ళింది. తొట్టి నుంచి గోలీలు మెలికలు తిరిగిన కాలువల్లో దిగుతాయి. మెలికలు ఎందుకంటే, నిటారుగా దిగితే పై గోలీల బరువంతా కింది గోలీ మీద పడి తలుపు బిగుసుకుపోతుంది. ప్రతి మలుపూ కొంత బరువు తన మీదకు తీసుకుంటుంది.

పలక మీద ఏ గూట్లో పడ్డ గోలీ అయినా వెనక ఒకే కాలువలోకి చేరి, బహుమతి మీట మీద వచ్చి కూర్చుంటుంది. మన బావుల దగ్గరి ఏతంలాగే దీనికీ ఒక కొసన ఎదురు బరువు ఉంటుంది, ఆ తూకం చాలా సున్నితమైనది. గోలీ వచ్చి కూర్చోగానే మీట ఒరుగుతుంది, కింది తలుపు తెరుచుకుంటుంది, అదే కదలికతో పై తలుపు మూసుకుంటుంది. రెండు తలుపుల మధ్య ఇరుక్కున్న గోలీలు గలగలమంటూ ముందరి పళ్ళెంలోకి దూకుతాయి, గంట మోగుతుంది. గెలిపించిన గోలీ మీట మీద నుంచి దొర్లిపోగానే ఎదురు బరువు అంతటినీ యథాస్థానానికి తెస్తుంది.

అక్కడ లెక్కపెట్టేవారెవరూ లేరు. కాలువ పొడవే లెక్క. పదిహేను గోలీలను ఒక్క వరసలో పేరిస్తే 165 మిల్లీమీటర్లు. తలుపుల మధ్య అంత చోటు వదిలితే ఎన్నిసార్లు తెరిచినా పదిహేనే వస్తాయి. సంఖ్యను పొడవుగా మార్చి చెక్కలో, ప్లాస్టిక్‌లో పొదగడం నాకు ఎప్పటికీ పాతబడని ఆశ్చర్యం. రెండు గోలీలు వెంటవెంటనే గెలిస్తే రెండోది తన వంతు వచ్చేదాకా కాలువలో ఆగుతుంది. తొట్టి ఖాళీ అయితే, కాలువలో గోలీల మీద ఆనుకుని ఉన్న ఇంకో చిన్న మీటకు ఆసరా పోతుంది. అది 'ఖాళీ' బల్బు వెలిగించి బహుమతి మీటను కదలనివ్వదు. తొట్టి నింపాక, ఆగిన గోలీకి దక్కవలసింది దక్కుతుంది. ఇవ్వవలసినది ఎగ్గొట్టని ఈ మర్యాదను ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టారు.

ఇక కొనడం. జపాన్ హాళ్ళు యంత్రాలను త్వరత్వరగా మార్చేసేవి. తీసేసినవి 1970ల్లో ఓడల మీద అమెరికా చేరి పెద్ద పెద్ద దుకాణాల్లో ఇంటి వినోదంగా అమ్ముడుపోయాయి. అందుకే అవి ఇవాళ జపాన్ కంటే అమెరికా ఇళ్ళ బేస్‌మెంట్లలోనే సులువుగా దొరుకుతాయి. అక్కడ ఉంటున్న మనవాళ్ళకు శనివారం గరాజ్ సేల్‌లో ఎదురుపడవచ్చు. సుమారు 32 అంగుళాల ఎత్తు, 20 అంగుళాల వెడల్పు ఉన్న పెట్టె. మొదటిసారి కొనేవాళ్ళు నిషిజిన్ కంపెనీవి గానీ సాంక్యోవి గానీ చూసుకోవడం మంచిది. అవి అమెరికాకు ఎక్కువగా వచ్చాయి కాబట్టి, విడిభాగాలకు ఇంకో పాడైన యంత్రం దొరికే అవకాశం ఎక్కువ.

బేరం ఆడేముందు చూడవలసింది మెరుపు కాదు. గాజు పగిలిందా, గోలీలు లేవా, బయటి చెక్క చట్రం లేదా, బల్బులు పోయాయా? వీటి గురించి దిగులు పడొద్దు, అన్నీ తెచ్చుకోవచ్చు. సెల్యులాయిడ్ పొర నీళ్ళు తగిలి ఉబ్బిందా, చిరిగిందా అన్నది ముఖ్యం. ట్యులిప్ రేకులు, పలక నడుమ ఉండే బొమ్మ విరిగాయా అన్నది ఇంకా ముఖ్యం. యాభై ఏళ్ళ ప్లాస్టిక్ అప్పడంలా పెళుసుగా ఉంటుంది కాబట్టి వేలితో తాకి చూడకండి, కళ్ళతోనే చూడండి. అన్నిటికన్నా ముఖ్యం వెనకవైపు కాలువలన్నీ ఉన్నాయా లేదా. పైకి తళతళలాడుతూ వెనక బోసిగా ఉన్నదానికంటే, దుమ్ముకొట్టుకుపోయినా వెనకంతా నిండుగా ఉన్నదాన్ని తీసుకోండి. ఓడిన గోలీలు కిందికి రాలిపోతాయి. హాల్లో అయితే అవి నేల కింది కాలువలోకి పోయేవి, ఇంట్లో వాటిని పట్టే పెట్టె ఒకటి అడుగున కావాలి.

ఇంటికి తెచ్చాక స్క్రూడ్రైవరు ముట్టుకోకముందే ముందూ వెనకా ఫోటోలు తీయండి. ముఖ్యంగా మేకులవి, నాలుగు వైపుల నుంచీ. తర్వాత ఒక్క గోలీ తీసుకోండి. ఒక్కటే. గాజు తెరిచి దాన్ని ప్రతి గూట్లోనూ చేత్తో వేసి, వెనక ఎటు వెళ్ళిందో చూడండి. ఆగిన ప్రతి చోటా కారణం ఉంటుంది. తొట్టి నింపి ఆడించి చూస్తే గందరగోళంలో ఏదీ కనబడదు. ఒంటరి గోలీ అయితే ఎక్కడ నీరసపడిందో, ఏ మీట దాన్ని ఖాతరు చెయ్యలేదో స్పష్టంగా చెబుతుంది. నూటికి తొంభై పాళ్ళు జబ్బు దుమ్మే. మెత్తని బ్రష్షు, చెవి శుభ్రం చేసుకునే దూది పుల్ల, గోరువెచ్చని సబ్బునీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డ చాలు.

చమురు మాత్రం వద్దు. బిగుసుకున్న ఇరుసు కనబడగానే నూనె చుక్క వెయ్యాలనిపిస్తుంది. ఆ చుక్క ఆ పూటకు పనిచేస్తుంది, నెల తిరిగేసరికి దుమ్మును జిగురులా పట్టేసుకుంటుంది. గోలీలు ఆ జిడ్డును యంత్రమంతా పూస్తాయి. శుభ్రం చేసినా కదలని లోహపు ఇరుసు ఉంటే చిటికెడు గ్రాఫైట్ పొడి, అంతే. అలాగే ఇత్తడి మేకులు చూడగానే మన ఇళ్ళవాళ్ళకు చింతపండు గుర్తొస్తుంది. బిందెలకు అది దివ్యమైన మందు, ఇక్కడ కాదు. పులుపూ తడీ మేకు మొదట్లోంచి ప్లైవుడ్‌లోకి దిగుతాయి, పక్కనున్న ఇనుప స్క్రూలు తుప్పెక్కుతాయి. బ్రాసో లాంటి పాలిష్‌లు నేరుగా రుద్దితే మేకు చుట్టూ తెల్లటి మరక వదులుతాయి. పాలిష్ అద్దిన మందపాటి దారాన్ని మేకుకు ఒక చుట్టు చుట్టి అటూ ఇటూ లాగితే, పొరకు తగలకుండా మేకు వరకే మెరుస్తుంది. సెల్యులాయిడ్‌కి అసిటోన్, స్పిరిట్ దగ్గరికి రానివ్వకండి. వేడిగాలి అసలే వద్దు, అది తేలిగ్గా అంటుకునే పదార్థం.

గోలీలను పాత దిండు గలీబులో కాస్త పాలిష్‌తో పోసి, ఇద్దరు చెరో చివర పట్టుకుని ఊపితే చక్కగా తేరుకుంటాయి. కడిగిన వెంటనే ఆరబెట్టాలి. తుప్పు తిని గుంటలు పడ్డవాటిని తీసేయండి, అవి మేకుల్నీ పొరనూ గీరుతాయి. కొత్తవి కొనేటప్పుడు 11 మిల్లీమీటర్లవే అడగండి. బేరింగుల దుకాణంలో అంగుళాల లెక్కన ఇచ్చేది 11.11 వస్తుంది. మేకుల పనివాడు సుత్తితో ఒక్క దెబ్బకు సాధించిన తేడా కూడా దాదాపు అలాంటిదే కాబట్టి, దాన్ని చిన్నదిగా చూడకండి. పాత గోలీల్లో కొన్నిటి మీద హాలు ముద్ర చెక్కి ఉంటుంది. వాటిని విడిగా దాచండి.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇది: వంకర మేకులను తిన్నగా చెయ్యకండి. కొత్తవాళ్ళ కంటికి పలక నిండా తప్పులే కనిపిస్తాయి. ఈ మేకు ఎడమకు ఒరిగింది, ఆ జంటలో ఒకటి కిందికి చూస్తోంది అని పట్టకారు తీస్తారు. ఆ వంకరలు ఒక పనివాడి నిర్ణయాలు. నగోయాలోనో టోక్యోలోనో ఒక హాల్లో, ఆ యంత్రం చివరి రోజుల్లో అతను ఎంత ఇవ్వాలి, ఎంత పట్టుకోవాలి అని తూచి వేసిన దెబ్బలు అవి. అతని పేరు ఎక్కడా ఉండదు, సంతకం మాత్రం అదే. రవాణాలో నిజంగా వంగిపోయిన మేకు వేరే తెలిసిపోతుంది. దానికి గోలీ దారిలో అర్థం ఉండదు, గోలీని పూర్తిగా ఆపేస్తుంది. దాన్నొక్కదాన్నీ సన్నని గొట్టం తొడిగి మెల్లగా వంచితే చాలు. వెనకవైపు చెక్కకు అంటించిన కాగితాలను కూడా చింపకండి. మోడల్ పేరు, కంపెనీ గుర్తులు తెలిసేది వాటివల్లే.

బల్బుల విషయం చివరికి పెట్టుకోండి. హాళ్ళలో వీటికి తక్కువ వోల్టేజీ సరఫరా ఉండేది. ఇంటి గోడలోని ప్లగ్గుకు ఈ తీగలను నేరుగా ఎప్పుడూ కలపకూడదు, ప్రాణాపాయం. బల్బుకు సరిపోయే బ్యాటరీలు పెడితే నిశ్చింత.

అన్నీ అయ్యాక యంత్రాన్ని చట్రంలో నిలబెట్టి కాస్త వెనక్కి వాల్చాలి, ఒకటి రెండు డిగ్రీలు. మరీ నిటారుగా ఉంటే గోలీలు గాజును కొడుతూ వేగంగా రాలిపోతాయి, ఎక్కువ వాలిస్తే మేకుల మధ్య బద్ధకంగా దొర్లి సులువుగా గూళ్ళలో పడతాయి. పక్కలకు మట్టం సరిగ్గా ఉందో లేదో స్పిరిట్ లెవెల్‌తో చూసుకోండి. లేకపోతే గాలిమరలన్నీ ఒక పక్కకే పక్షపాతం చూపిస్తాయి. రెండు మూడు వందల గోలీలు పోసి, చట్రం కింద సన్నని చెక్క ముక్కలు ఒక్కొక్కటే జరుపుతూ ఆడి చూడండి. కుదిరిందనిపించిన చోట ఆ ముక్కలను మేకులతో బిగించేయండి.